కొత్తవాళ్లు కార్ ఏసీ సొంతంగా రిపేర్ చేసుకోవచ్చా? సిగ్నల్ దగ్గర కూలింగ్ పోతోంది, గ్యాస్ డబ్బా కొందామనుకుంటున్నా

మియాపూర్_మార్నింగ్ · ఏప్రిల్ 12, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ మియాపూర్ నుంచి అమీర్‌పేట ఆఫీసుకి. బండి కదులుతున్నంతసేపు ఏసీ బానే ఉంటుంది, ఎర్రగడ్డ దగ్గర ట్రాఫిక్‌లో ఆగామా, రెండు నిమిషాల్లో వేడి గాలి వచ్చేస్తుంది, మళ్లీ కదిలితే మళ్లీ చల్లగా. పోయినేడాది మా ఏరియాలో ఒక షాపులో గ్యాస్ కొట్టించా, 1800 తీసుకున్నారు. ఈ మార్చిలో మళ్లీ వెళ్తే గ్యాస్ తగ్గింది అని ఇంకో 1500 కి పైన కొంచెం కొట్టారు. మూడు వారాలు కూడా కాలేదు, ముందుకన్నా అధ్వాన్నంగా అయింది. అమ్మకి బీపీ ఉంది, తనని వారానికి రెండుసార్లు మధ్యాహ్నం పూట ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి, 41 డిగ్రీల ఎండలో ఆ సిగ్నల్స్ దగ్గర తను పడే అవస్థ చూడలేకపోతున్నా.

వీడియోల్లో చూశా, చిన్న గ్యాస్ డబ్బా, దానికి పైపు, గుండ్రటి గేజ్, ముల్లు పచ్చరంగులోకి వచ్చేదాకా కొడితే అయిపోతుందట. మొత్తం కలిపి 1500 లోపే. నాకు స్టెప్నీ, బ్యాటరీ మార్చడం తప్ప ఏమీ రాదు. కొత్తవాడు ఈ పని చేయొచ్చా, చేయకూడదా? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఉప్పల్_చిన్నా · రాత్రి 11:05

చేసెయ్ బ్రో. నేను పోయిన నెల మా నాన్న బండికి చేశా, పావుగంట పని. ఏసీ లైన్‌కి తక్కువ ప్రెషర్, ఎక్కువ ప్రెషర్ అని రెండు సైడ్లుంటాయి, తక్కువ సైడ్ మూత తీసి పైపు నొక్కడమే, రెండింటి మూతులూ వేరే వేరే సైజులు కాబట్టి తప్పు సైడ్‌కి పట్టనే పట్టదు. ముల్లు పచ్చలోకి వచ్చింది, ఇప్పటికీ చల్లగానే ఉంది.

ఏసీ_మిస్త్రీ_నాచారం · రాత్రి 11:30

అన్నా జర ఆగు. డబ్బా కొనకు. నేను కార్ ఏసీ పని 17 ఏండ్ల సంది చేస్తున్న, నువ్వు రాసింది చదవంగనే సగం సంగతి సమజైంది. బండి పోతుంటే చల్లగుంటుంది, ఆగితే వేడి అంటున్నవ్ కదా, గ్యాస్ తక్కువున్న బండి అయితే పోతున్నప్పుడు గూడ సరిగ చల్లగుండదు. నీ బండ్ల కండెన్సర్‌కు గాలి తగుల్తలేదు. ముందట రేడియేటర్ ముంగట జాలీ లెక్క ఉంటది సూడు, అదే కండెన్సర్. గ్యాస్ లోపలికెళ్లి మోసుకొచ్చిన వేడంత అక్కడనే బయట పడాలె. బండి పోతుంటే ఎదురుగాలి చల్లబరుస్తది, ఆగితే ఫ్యాన్ చల్లబర్చాలె. ఆ ఫ్యాన్ తిరుగకపోతే, లేకుంటే మెల్లగ తిరిగితే, లోపల ప్రెషర్ పెరిగిపోయి కూలింగ్ పడిపోతది. ఇంకెక్కువైతే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను, అంటే గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపును, ఆపేస్తది.

రేపు పొద్దుగాల చల్లగున్నప్పుడు ఈ పని చెయ్యి. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ ఫుల్ పెట్టి బోనెట్ లేపు. కంప్రెసర్ క్లచ్ (కంప్రెసర్‌ను బెల్టుకు కలిపేది) టక్కుమని పడుతదా, ఫ్యాన్ తిరుగుతదా సూడు. తిరుగకపోతే ముందటి జాలీ మీద మగ్గుతోని నీళ్లు మెల్లగ పోయి, అప్పుడు లోపల కూలింగ్ వచ్చిందంటే నీకు గ్యాస్ పంచాయితే లేదు. చెయ్యి మాత్రం బెల్టుకు, ఫ్యాన్‌కు దూరం ఉంచు, ఆగిపోయిన ఫ్యాన్ చెప్పకుండ తిరుగుతది. టవల్, వాచ్, మెడల గొలుసు తీసేసి చెయ్యి.

గ్యాస్ తక్కువైతే వేరే తీరుగుంటది. క్లచ్ పడుతది, కొన్ని సెకండ్లకే లేస్తది, మళ్ల పడుతది, గట్లనే టక్ టక్ అనుకుంట ఉంటది.

స్వప్న_సైనిక్‌పురి · ఏప్రిల్ 13, ఉదయం 7:15

మిస్త్రీ గారు చెప్పింది కరెక్ట్. నా మటుకు నేను చెప్తా, ఏసీ అనగానే అంతా గ్యాసే అని భయపడి బండిని షాపుకి అప్పజెప్పేస్తాం గానీ కొత్తవాళ్లు చేసుకోగలిగింది చాలా ఉంది. నేను స్కూల్ టీచర్‌ని, మెకానిక్ పని ఎక్కడా నేర్చుకోలేదు. రెండేళ్ల కింద మా బండిలో గాలి బాగా తగ్గిపోయింది, షాపులో లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ సర్వీస్ చేయాలి, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, 6500 అన్నారు. ఇంటికొచ్చి మాన్యువల్ తీసి చదివితే గ్లవ్ బాక్స్ వెనకాల క్యాబిన్ ఫిల్టర్ అని ఒకటి ఉందని తెలిసింది. గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కితే కిందికి దిగింది, సన్నటి ప్లాస్టిక్ మూత, లోపల ఫిల్టర్. బయటికి లాగితే ఒళ్లో ఎండు వేపాకులు, దుమ్ము, ఒక పిట్ట ఈక పడ్డాయి, తెల్లగా ఉండాల్సింది నల్లగా రొట్టె పెనం అడుగులా ఉంది. మేం బండి పెట్టేది వేపచెట్టు కిందే. కొత్తది 350, పెట్టడానికి పది నిమిషాలు. గాలి ఎప్పట్లా వచ్చింది.

తర్వాత ఇంకోసారి బ్లోయర్, అంటే లోపలికి గాలి కొట్టే ఫ్యాన్, ఒకటి రెండు మూడు స్పీడుల్లో పనిచేయకుండా నాలుగులో మాత్రమే తిరిగేది. దాని స్పీడు తగ్గించే బ్లోయర్ రెసిస్టర్ పోతే అలా అవుతుంది, రెండు స్క్రూలు, ఒక కప్లర్ (వైర్ల ప్లగ్గు). అదీ నేనే మార్చా. ఇవేవీ గ్యాస్ లైన్‌ని తాకే పనులు కాదు. అందుకే ఆ లైన్ బయట ఏదున్నా ధైర్యంగా చూడండి, లైన్ విప్పే పని మాత్రం వద్దు అంటా.

ఉప్పల్_చిన్నా · ఉదయం 8:02

అక్కా ఫిల్టర్ ఓకే. కానీ గేజ్ ఉన్నాక గ్యాస్ ఎంతుందో తెలుస్తుంది కదా, పచ్చలో ఉంటే సరిపోయినట్టే కదా, ఇందులో షాపువాడు చేసే గొప్పేముంది?

ఏసీ_మిస్త్రీ_నాచారం · ఉదయం 9:20

తమ్ముడూ అసలు గోల ఆడనే ఉన్నది. ఇంట్ల వంట గ్యాస్ సిలిండర్ యాదికి తెచ్చుకో. నిండుగున్నా, పావు ఉన్నా మంట ఒక్కతీరుగనే వస్తది కదా, లోపల ఎంత మిగిలిందో మంటను చూసి చెప్పగల్గుతవా? సిలిండర్‌ను లేపి చూడాలె. గిదీ గంతే. లోపల కొంచెమన్న లిక్విడ్ ఉన్నంతసేపు ప్రెషర్‌ను డిసైడ్ చేసేది టెంపరేచరే. ఇంజన్ ఆపేసి 35 డిగ్రీలల్ల గేజ్ పెడితే మన బండ్లల్ల ఉండే ఆర్134ఎ గ్యాస్ దగ్గర దగ్గర 110, 115 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తది, 200 గ్రాములున్నా గంతే, 500 ఉన్నా గంతే. బండి నడుస్తున్నప్పుడు కింది సైడ్, అంటే తక్కువ ప్రెషర్ సైడ్, 30 నుంచి 45 ఉంటే బాగున్నట్టు అంటరు, కాని ఎండ, ఫ్యాన్, ఇంజన్ స్పీడ్, అన్నిటిని బట్టి అది మారుతది. ఒక్క గేజ్‌తోని పైసైడ్, అంటే ఎక్కువ ప్రెషర్ సైడ్, సంగతి అస్సలు తెల్వది. ఫ్యాన్ తిరుగని బండ్ల పైసైడ్ 350 దాటి ఉంటది, నువ్వు కింది ముల్లు చూసుకుంట కొట్టుకుంట పోతుంటవ్.

బోనెట్ కింద స్టిక్కర్ ఉంటది, గ్రాములల్ల రాసి ఉంటది, పక్కన 20 అటుఇటు అని. చిన్న బండ్లకు ఎక్కువ శాతం 350 నుంచి 500 గ్రాముల మధ్యల. గంత చిన్న లెక్కల 150 గ్రాములు ఎక్కువైతే ఎంత తేడానో ఆలోచించు. కాంటా పెట్టి తూచి పోయాలె. వేరే తొవ్వ లేదు.

ఘట్‌కేసర్_గోపి · ఉదయం 11:48

నా సంగతి కూడా రాస్తా, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పోయిన మే నెల. కండెన్సర్ దగ్గర పైపు జాయింట్‌లో నూనె మరక కనపడింది, అక్కడ లీకేజ్ అని నేనే కనిపెట్టా, అది కరెక్టే కూడా. ఓ-రింగ్ (జాయింట్‌లో వేసే రబ్బరు చుట్టు) 20 రూపాయలే కదా అని తెచ్చా. ఏసీ పనిచేయట్లేదు కాబట్టి గ్యాస్ మొత్తం పోయుంటుందనుకున్నా. 10 నంబర్ స్పానర్‌తో నట్టు విప్పా, చివరి చుట్టు దగ్గర బుస్సుమని తెల్లగా పొగలా కొట్టింది, నట్టు పట్టుకున్న ఎడమ చెయ్యి మీద నేరుగా. ఆ క్షణం చల్లగా కూడా అనిపించలేదు, అసలేమీ అనిపించలేదు. చూసేసరికి రెండు వేళ్లు కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. పావుగంట తర్వాత మొదలైంది నొప్పి, నూనెలో కాలినట్టు. పొక్కులొచ్చాయి, చర్మం ఊడింది, బొత్తాం పెట్టుకోడానికి నెల పట్టింది. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు నేను. ఆ పైపు నాలుగంగుళాలు ఇటు తిరిగుంటే ఇవాళ ఇది చదవడానికి నాకు కళ్లుండేవి కావు.

డాక్టరుగారు చెప్పాకే తెలిసింది, ఆ గ్యాస్ బయటికి రాగానే మైనస్ 26 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, అలా మరుగుతూ చర్మంలోని వేడినంతా లాగేసుకుంటుంది. మనోళ్లు ఎవరైనా పొరపాటున ఇలా చేసుకుంటే వెంటనే గోరువెచ్చటి నీళ్లలో పెట్టండి, రుద్దకండి, వేడినీళ్లు పోయకండి, ఆస్పత్రికి వెళ్లండి. కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూనే తీసుకెళ్లండి.

స్వప్న_సైనిక్‌పురి · మధ్యాహ్నం 12:10

గోపీ ఇప్పుడు చెయ్యి ఎలా ఉంది? వేళ్లు పూర్తిగా ముడుస్తున్నావా?

ఘట్‌కేసర్_గోపి · మధ్యాహ్నం 12:31

ముడుస్తున్నా అక్కా. చూపుడు వేలు చివర మాత్రం కొంచెం మొద్దుగా ఉంటుంది.

డిపో_పెద్దాయన · మధ్యాహ్నం 3:05

గోపి రాసింది చదివి మనసు పాడైంది నాయనా. బస్సుల వర్క్‌షాపులో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని, ఒక మాట చెప్తాను. మా రోజుల్లో ఆర్12 గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగాక అది పోయి ఆర్134ఎ వచ్చింది. ఆర్12 ఉన్నప్పుడు కంప్రెసర్‌లో వాడే మినరల్ ఆయిల్ దీనికి పనికిరాదు, దీనికి పీఏజీ అనే సింథటిక్ ఆయిల్ వేయాలి. ఆ పీఏజీకి ఒక గుణముంది, వానాకాలం ఉప్పు తేమని పట్టినట్టు గాల్లో తేమని పట్టేస్తుంది. సీసా మూత తీసి ఉంచితే చాలు, పాడైనట్టే.

పైపు విప్పామంటే లోపలికి గాలి, తేమ పోతాయి. ఆ తేమ, గ్యాస్‌ని కూలింగ్ కాయిల్‌లోకి కొంచెం కొంచెంగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి లోపల లోహాన్ని తింటుంది. అందుకే వాక్యూమ్ పెట్టాలి. వాక్యూమ్ అంటే గాలి లాగడమే అనుకుంటారు, అసలు పని నీటిని మరిగించడం. నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయని చిన్నప్పుడు చదివాం కదా, లోపల గాలి ఒత్తిడి దాదాపు లేకుండా చేస్తే మన ఊరి ఎండకే మరిగి ఆవిరై పంపులోకి వచ్చేస్తాయి. అరగంట, ముప్పావుగంట నడపాలి, ఆపి ఇంకో పావుగంట ముల్లు పడిపోతోందా లేదా చూడాలి. పైపు విప్పితే తేమని పీల్చే డ్రయర్ బాటిల్ కూడా మార్చడం మంచిది. ఐదు నిమిషాలు పంపు నడిపి గ్యాస్ కొట్టి పంపించే షాపులు కూడా ఉన్నాయి, అక్కడ పని చూస్తూ నిలబడండి, తప్పు లేదు.

గ్యాస్ గాల్లోకి వదిలేసి పైపు విప్పడం ఎవరు చేసినా నేరమే నా దృష్టిలో. ఈ ఆర్134ఎ ఓజోన్‌ని ఏమీ అనదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు ఘాటు. చిన్న బండిలో ఉండే 400 గ్రాములు వదిలేస్తే 240 లీటర్ల పెట్రోల్ కాల్చినంత. మన మనవళ్లకి ఇంకా ఎంత ఎండ మిగిల్చి పోతాం? మన దేశం 2021లో ఆ మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలి సవరణకి ఒప్పుకుంది, ఈ జాతి గ్యాసులన్నీ మెల్లగా తగ్గించాలి.

బండి_బాగోగులు · సాయంత్రం 6:40

పెద్దాయన గారికి నమస్కారం. కొంచెం వేరే మాట చెప్తా, కోప్పడకండి. నేను ఉద్యోగం సాఫ్ట్‌వేరే అయినా నా రెండు బండ్ల ఏసీ పని మొత్తం నేనే చేసుకుంటా, గ్యాస్‌తో సహా. కానీ ముందు రెండు సీజన్లు తెలిసిన మెకానిక్ దగ్గర ఆదివారాలు కూర్చుని చూశా, తర్వాతే మొదలుపెట్టా. రెండు గేజులున్న మ్యానిఫోల్డ్ సెట్, వాక్యూమ్ పంపు, గ్రాముల కాంటా, నైట్రోజన్‌తో లీకేజ్ చెక్ చేసుకునే ఏర్పాటు, కళ్లద్దాలు, గ్లవ్స్, అన్నీ కలిపి 20 వేల దగ్గర పడింది, చాలావరకు రాణీగంజ్‌లో కొన్నా. పాత గ్యాస్ తీయాల్సొస్తే మాత్రం ఇప్పటికీ దాన్ని గాల్లోకి వదలకుండా లాగి పట్టే రికవరీ మెషిన్ ఉన్న షాపుకే తీసుకెళ్తా, ఆ మెషిన్ నా వల్ల కాదు. ఒక్క బండి ఉన్నవాడికి ఈ ఖర్చు అర్థం లేనిది. కానీ నేర్చుకోవాలన్న ఇష్టం ఉన్నవాణ్ని మాత్రం ముట్టుకోవద్దు అని తరిమేయకూడదు, చూపించే మనిషి పక్కన ఉండాలి, అంతే.

ఇంకోటి, లీకేజ్ మూస్తుంది అని డబ్బాల్లో ఒక మందు కలిపి అమ్ముతారు, దాని జోలికి పోకండి. అది లోపల గట్టిపడితే వాల్వ్ మూసుకుపోతుంది, రికవరీ మెషిన్ కూడా పాడవుతుంది, తెలిస్తే ఏ షాపూ మీ బండి పట్టుకోదు. అలాగే మరీ చవగ్గా వచ్చే డబ్బాల్లో వంట గ్యాస్ జాతివి కలిపి ఉండొచ్చు, కూలింగ్ కాయిల్ మన ముందే డ్యాష్‌బోర్డ్‌లో ఉంది, అది లీకైతే మండే గ్యాస్ మనం కూర్చున్న చోటుకే వస్తుంది.

ఎల్బీనగర్_ఈవీ · రాత్రి 8:15

కరెంట్ కార్లున్నవాళ్లకి ఒక హెచ్చరిక. మన బండ్లలో కంప్రెసర్ బెల్టుతో తిరగదు, 300 వోల్టులు దాటిన కరెంటుతో తిరుగుతుంది, నారింజ రంగు వైర్లు అవే. వాటిని ముట్టుకోకూడదు. వాటిలో వేసే ఆయిల్ కూడా వేరే, పీఓఈ అనే రకం, అది కరెంటుని బయటికి పోనివ్వదు. అక్కడ పీఏజీ కలిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని బండే స్టార్ట్ కాకపోవచ్చు. చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ ఏసీనే. ఫిల్టర్ మార్చుకోండి, కండెన్సర్ కడుక్కోండి, అక్కడితో ఆగండి.

మియాపూర్_మార్నింగ్ · ఏప్రిల్ 16, రాత్రి 9:50

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, గోపి అన్నకి మరీ ముఖ్యంగా, అన్నా నువ్వు రాయకపోతే డబ్బా ఆర్డర్ పెట్టేసేవాణ్ని. ఆదివారం పొద్దున ఆరింటికి బోనెట్ లేపా. క్లచ్ పడుతోంది, ఫ్యాన్ తిరగట్లేదు. మగ్గుతో నీళ్లు పోశా, జాలీ మీద పడగానే చుయ్యిమని ఆవిరి లేచింది, లోపల అమ్మ కూర్చుని ఉంది, ఒరేయ్ చల్లగా వస్తోందిరా అని అరిచింది! ఫ్యూజ్ చూశా, బాగుంది. పైన అదే నంబర్ ఉందని హారన్ రిలే (కరెంటు కలిపే చిన్న స్విచ్) తీసి ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టా, తేడా లేదు. బండి ఆపి, తాళం తీసేసి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్యాన్ మోటార్ వెనక మెల్లగా రెండుసార్లు తట్టా, మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగింది, పది నిమిషాలకి ఆగిపోయింది. మోటార్‌లో కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోయాయన్నమాట. పుత్లీబౌలి వెళ్లి పాత మోటార్ చూపించి కొత్తది తెచ్చా, 2200. బ్యాటరీ వైరు విప్పి, మూడు బోల్టులు, ఒక కప్లర్. గంటన్నర పట్టింది, అందులో అరగంట కింద పడిన బోల్టు వెతకడమే.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర వేడి గాలి రావట్లేదు. కానీ పూర్తిగా కూడా చల్లబడట్లేదు, వెంట్‌లో థర్మామీటర్ పెడితే బండి పోతుంటే 14, ఆగితే 18.

ఏసీ_మిస్త్రీ_నాచారం · రాత్రి 10:12

శెభాష్ తమ్ముడూ. మిగిలింది గ్యాస్ ఎక్కువ కావడం. ఫ్యాన్ ఖరాబైన బండికి రెండుసార్లు గ్యాస్ కొట్టిర్రు, ఎక్కువైన గ్యాస్ కండెన్సర్‌ల లిక్విడ్ అయి నిలబడితే వేడి బయటపడడానికి జాగుండదు. రికవరీ మెషిన్ ఉన్న షాపుకు పో. లోపలున్నది మొత్తం తీసి ఎన్ని గ్రాములొచ్చిందో నీ ముంగట్నే చూపియ్యమను, వాక్యూమ్ పెట్టిపియ్యి, స్టిక్కర్ మీదున్నంత తూచి పొయ్యమను.

మియాపూర్_మార్నింగ్ · ఏప్రిల్ 18, రాత్రి 8:30

అన్నా, 590 గ్రాములు వచ్చింది. స్టిక్కర్ మీద 430. మెషిన్ తెర మీద ఆ అంకె ఫొటో తీసుకున్నా. 40 నిమిషాలు వాక్యూమ్, ముల్లు కదల్లేదు, లీకేజ్ లేదు, అంటే పోయినేడాది కూడా గ్యాస్ తగ్గలేదేమో. 430 తూచి పోశారు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి అమ్మతో వెళ్లా, పోతుంటే 8, ఎర్రగడ్డలో ఆగినప్పుడు 12. అమ్మ చున్నీ కప్పుకుని నిద్రపోయింది.

ఉప్పల్_చిన్నా · రాత్రి 9:04

బ్రో నీ పోస్ట్ చూసి నాన్న బండి బోనెట్ లేపి చూశా. క్లచ్ ప్రతి ఏడెనిమిది సెకండ్లకి పడి లేస్తోంది. ఎక్కడో లీకేజ్ ఉండగానే నేను పైన గ్యాస్ కొట్టేశాను, అదీ పోయినట్టుంది. మిస్త్రీ అన్నా, శనివారం నాచారం తీసుకురావచ్చా?

ఏసీ_మిస్త్రీ_నాచారం · రాత్రి 9:15

రా తమ్ముడూ, పొద్దుగాలనే రా. లీకేజ్ ఎట్ల దేవులాడాల్నో దగ్గరుండి చూద్దువు.

కొత్త_డ్రైవర్_కొంపల్లి · ఏప్రిల్ 19, ఉదయం 7:40

ఇదంతా చదివాక అడగాలనిపించింది. మా బండిలో ఎడమ పక్క సీటు కింద కార్పెట్ రోజూ తడిసిపోతోంది, ఒకరకం వాసన. గ్యాస్ లీకేజా?

స్వప్న_సైనిక్‌పురి · ఉదయం 8:05

కాదమ్మా, గ్యాస్ తడి చేయదు. అది కూలింగ్ కాయిల్ మీద చెమర్చిన నీరు. దాన్ని బయటికి వదిలే చిన్న రబ్బర్ పైపు ఇంజన్ వెనక గోడ దగ్గర కిందికి వేలాడుతుంటుంది, అందులో మట్టి అడ్డుపడుంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఆ పైపు కొసని వేళ్లతో నలిపి చూడు, తీగలాంటివి గట్టిగా లోపలికి పొడవకు, కాయిల్‌కి తగలొచ్చు.

కొత్త_డ్రైవర్_కొంపల్లి · ఉదయం 9:26

అక్కా నలపగానే ఎర్రమట్టి ముద్ద ఊడిపడింది, వెనకాలే చెంబుడు నీళ్లు కారాయి. కార్పెట్ తీసి డాబా మీద ఆరేశా.